ఇరవై రెండు గీతలు

వర్క్‌షాపు, ముందు గది
ఫిబ్రవరి 9

వదినా,

ఫోన్లో పాఠాలు వద్దని నువ్వన్నదే సరి. మూడుసార్లు ప్రయత్నించాం. మూడుసార్లూ ఐదో నిమిషానికల్లా నేను అరిచాను, నువ్వు ఫోన్ పెట్టేశావు. మధ్యలో సర్దిచెప్పబోయిన అన్నయ్య ఇద్దరి చేతా చీవాట్లు తిన్నాడు. ఇక నీ షరతు ప్రకారం అన్నీ కాగితం మీద, చేత్తో రాసి పంపుతాను. కాగితం మీద ఎంత అరిచినా నీ చెవులకేం కాదు.

కంప్యూటరు చేత లెక్కలు చేయించే నీ జావాస్క్రిప్టు భాష నిర్వాకం చెబుతాను, విను. గ్రంథాలయం వాళ్ళు పై హాలుకి చెక్క మెట్లు చెయ్యమన్నారు. కింది నేల నుంచి పై నేలకి 3530 మిల్లీమీటర్లు. ఇరవై రెండు అడుగులు వేసి పైకి చేరాలి. భాగిస్తే ఒక్కో అడుగు ఎత్తు 160.4545 అని తోకలా సాగింది. నువ్విచ్చిన పుస్తకంలో చూసి toFixed అని రాసి తోక కత్తిరించాను. 160 వచ్చింది. బాగానే ఉంది కదా అని రెండో మెట్టు కోసం 160కి 160 కలపమన్నాను. 160160 అంది. ఇంకో మెట్టు కలిపితే 160160160. మూడు మెట్లకి నూట అరవై కిలోమీటర్ల ఎత్తు! మేఘాలు దాటిపోయే మెట్లు ఎవరు చేయించుకుంటారు నా దగ్గర? ఒకటో తరగతి పిల్లలకి వచ్చే కూడిక రాని యంత్రాన్ని నమ్ముకోమంటావా?

నువ్వేమో “సరదాకి నేర్చుకో” అన్నావు. నాకిది సరదా కాదు. పెద్దమేస్త్రి ఈ ఏడాది ఆఖరుకి పని మానేస్తానని చెప్పేశాడు. అరవై ఎనిమిదేళ్ళు, ఆయన్ని బలవంతపెట్టలేను. నాన్న పోయాక ఈ షెడ్డులో మెట్ల లెక్క తెలిసింది ఆయనొక్కడికే. నేను కోస్తాను, చిత్రిక పడతాను, బిగిస్తాను. ఏ మెట్టు ఎక్కడ రావాలో గీసేది మాత్రం ఆయనే. ఆయన భాగహారం చెయ్యడు. పొడుగాటి కొలకర్ర మీద రెండు కాళ్ళ కైవారాన్ని కింద నుంచి పైకి అడుగులు వేయిస్తూ తీసుకెళతాడు. పైన కాస్త మిగిలితే కైవారాన్ని వెంట్రుకవాసి విప్పి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాడు. ఒక పూట పడుతుంది. ఎంత విప్పాలో ఆయన వేళ్ళకే తెలుసు. ఇరవై ఏళ్ళుగా పక్కన నిలబడి చూస్తున్నా, నాకు పట్టుబడలేదు.

ఆయన వెళ్ళేలోపు ఆ లెక్క నా చేతికి రాకపోతే ఈ షెడ్డు మూసుకోవలసిందే. తలుపులూ కిటికీలూ చేసేవాళ్ళు మా వీధిలోనే నలుగురున్నారు. మన దగ్గరికి వచ్చేది మెట్ల కోసమే. అన్నయ్య ఇప్పటికే “మూసేసి మా ఇంటికి వచ్చెయ్యి” అని పాట మొదలుపెట్టాడు. నలభై రెండేళ్ళ వయసులో వచ్చి మీ వంటింట్లో ఏం చెయ్యను, నీ గరిటెలకి చిత్రిక పట్టనా?

ఆ కూడిక సంగతి తేల్చి చెప్పు.

నీ ఆడపడుచు


శిక్షణ కేంద్రం, స్టాఫ్ రూము
ఫిబ్రవరి 15

చిచ్చరపిడుగూ,

నీ ఉత్తరం చదువుతుంటే కాగితం వేడిగా తగిలింది. మీ అన్నయ్య కూడా చదివి, “దీనికి కూడిక నేర్పిందెవరో కానీ యంత్రం కంటే వాడికే ఎక్కువ ఓపిక” అన్నాడు. నేర్పింది ఆయనే అని గుర్తు చేశాను.

యంత్రానికి కూడిక వచ్చు. toFixed నీకు అంకెని ఇవ్వదు, అంకెలా కనబడే అక్షరాలని ఇస్తుంది. అక్షరాలకి అక్షరాలు కలిపితే పక్కపక్కన అతుక్కుంటాయి. దాన్ని కాగితం మీద చూపించుకోవడానికే వాడాలి, లెక్కకి కాదు. నీకు కావలసింది Math.round. అది దగ్గర్లో ఉన్న పూర్తి సంఖ్యకి సర్ది, అంకెనే ఇస్తుంది.

రెండో పాఠం. లెక్కలో నువ్వు పెట్టే ప్రతి పేరూ ఒక పెట్టె. let అని రాస్తే కొత్త పెట్టె తయారవుతుంది. అందులో ఏదైనా దాచుకోవచ్చు, తీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. నువ్వు చేసే పెట్టెల కంటే సులువు, మేకులు అక్కర్లేదు.

ఎనిమిదేళ్ళుగా ప్రతి బ్యాచికీ మొదటి వారంలో చెప్పే పాఠం ఇది. కళ్ళు మూసుకుని చెప్పగలను. నన్ను నమ్ము. షెడ్డు మూయాల్సిన పని లేదు. నువ్వు మా ఇంటికి వస్తే నా వంటింట్లో పెత్తనం చేస్తావని నాకు భయం, అందుకోసమైనా నేర్పుతాను.

నీ వదిన


వర్క్‌షాపు
ఫిబ్రవరి 27

వదినా,

నీ పెట్టెలకో దండం.

మొదటి గీత కోసం let గీత అని రాశాను, ఒప్పుకుంది. రెండో గీతకి మళ్ళీ let గీత అని రాస్తే, ఆ పేరు ఇదివరకే ఉందని ఎర్రక్షరాలతో నా మొహాన కొట్టింది. ఉంటే ఏం? నా షెడ్డులో నలుగురు పనివాళ్ళుంటే ఇద్దరి పేరు ఒకటే, ఎవరూ గొడవపడరు. పదిసార్లు రాశాను, పదిసార్లూ ఎర్రక్షరాలే. పనివాళ్ళు నా మొహం చూసి రంపం ఆపేశారు.

చివరికి మొండికెత్తాను. ఒకే పేరు వద్దంటే సరే, ఇరవై రెండు పేర్లు పెడతానని కూర్చున్నాను. ఇదిగో చూడు:

let ఎత్తు = 3530 / 22
let గీత1 = Math.round(ఎత్తు * 1)
let గీత2 = Math.round(ఎత్తు * 2)
let గీత3 = Math.round(ఎత్తు * 3)

ఇలా గీత22 దాకా. మూడు పేజీలు. వేళ్ళు నొప్పెట్టాయి. ప్రతి గీతనీ నేల నుంచే లెక్క కట్టాను, షెడ్డులో మేం గీసేదీ అలాగే. టేపు కొస కింద ఆనించి ఒక్కసారి పైకి లాగి అన్ని గీతలూ పెట్టేస్తాం. ఒక గీత నుంచి ఇంకో గీతకి కొలిస్తే నాన్న చేతిలో సుత్తి పక్కన పెట్టి మరీ తిట్టేవాడు.

ఎర్రక్షరాలు రాలేదు. 160, 321, 481, 642, అలా వెళ్ళి ఇరవై రెండోది సరిగ్గా 3530 దగ్గర ఆగింది. పై నేల ఎత్తు అదే కదా! నాకు గంతులెయ్యాలనిపించింది.

ఆ సంతోషం పది నిమిషాలు కూడా నిలవలేదు. పెద్దమేస్త్రి కళ్ళద్దాలు సర్దుకుని కాగితం చూశాడు. “మొదటి మెట్టు నూట అరవై, రెండోది నూట అరవై ఒకటి, మూడోది మళ్ళీ నూట అరవైయా? ఇదేం కుంటి లెక్కమ్మా?” అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

ఈ పనికి కొలకర్ర ముట్టుకోవద్దని ఆయన దగ్గర మాట తీసుకున్నాను. ఆయన సాయంతో అయితే అది నా లెక్క అనిపించుకోదు. “సరే అమ్మాయ్, నీ లెక్క నీదే. నేను చూడను, అడిగినా చెప్పను” అన్నాడు. కొంచెం నొచ్చుకున్నట్టున్నాడు.

కాబట్టి నాకు ఆ కుంటితనం పోవాలి. ఈ మూడు పేజీల చాంతాడు కూడా పోవాలి. పండితురాలివి కదా, నువ్వే సరిచెయ్యి.

నీ ఆడపడుచు


శిక్షణ కేంద్రం, స్టాఫ్ రూము
మార్చి 6

చిచ్చరపిడుగూ,

ఇరవై రెండు పేర్లా! తప్పుగా అనుకోకు, నీ మూడు పేజీలూ స్టాఫ్ రూములో చదివి వినిపించాను. గీత17 దగ్గరికి వచ్చేసరికి అందరం కళ్ళనీళ్ళు తుడుచుకుంటున్నాం. మా పెద్దసారు అది నోటీసు బోర్డుకి పెడతానన్నాడు, నేనే వద్దన్నాను.

let అనేది మొదటిసారి మాత్రమే. పెట్టె తయారయ్యాక ఊరికే పేరు రాస్తే చాలు, లోపలి సరుకు మారుతుంది. ఒకే పెట్టెని ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు, మనుషుల్లా అలిగిపోదు. పైగా నువ్వు ఇరవై రెండుసార్లు సర్దుతున్నావు. మొదట్లోనే ఒక్కసారి సర్దేసి, అదే పెట్టెలో తిరిగి పెట్టుకోరాదూ? ఇదిగో:

let ఎత్తు = 3530 / 22
ఎత్తు = Math.round(ఎత్తు)
let గీత = 0

ఆ తరవాత “గీత = గీత + ఎత్తు” అన్న ఒక్క లైను ఇరవై ఒక్కసార్లు తిరిగేలా రాశాను, వెనకాల అంటించిన చీటీ చూడు. ఇరవై రెండో గీత తీసేశాను. అది పై నేలే కదా, దాన్ని నువ్వు గీసేదేముంది? ఇప్పుడు మెట్లన్నీ నూట అరవై. కుంటితనం పోయింది. మీ పెద్దమేస్త్రికి చూపించి మీసం మెలెయ్యి. నీకు మీసం లేకపోతే ఆయనదే మెలెయ్యి.

నీ మూడు పేజీలు ఇక్కడ ఆరు లైన్లయ్యాయి. రాయడం నేర్చుకోవడం కంటే కత్తిరించడం నేర్చుకోవడమే కష్టం. అది అలవాటయ్యాక నువ్వే నాకు పాఠాలు చెబుతావు.

నీ వదిన


వర్క్‌షాపు
మే 25

వదినా,

మెట్లు బిగించాం. అనుకున్నంత సంతోషంగా లేదు.

నీ ఆరు లైన్లు అద్దంలా పనిచేశాయి. 160, 320, 480 అని బారులు తీరాయి. పక్క పలకల మీద గీతలు నేనే పెట్టాను, కోత నేనే కోశాను. పెద్దమేస్త్రి మాట మీద నిలబడి ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. మెట్టు పలకలన్నీ రసమట్టం పెట్టి చూస్తే గాలిబుడగ మధ్యలోంచి కదల్లేదు.

తీరా తీసుకెళ్ళి నిలబెడితే పైన, ఆఖరి మెట్టు నుంచి పై నేలకి ఎక్కే చోట ఎత్తు కాస్త ఎక్కువగా అనిపించింది. కొలిస్తే నూట డెబ్భై. నేల పరిచినవాళ్ళని పిలిచి, ఒక సెంటీమీటరు ఎత్తు ఎందుకు పెంచారని నిలదీశాను. వాళ్ళేమో, “మేం పెంచలేదు, మీ మెట్లే పొట్టిగా ఉన్నాయి” అని ఎదురు తిరిగారు. గంటసేపు గొంతులు చించుకున్నాం. గ్రంథాలయం ఆవిడ “నిశ్శబ్దం” అని రాసున్న బోర్డు చూపిస్తూ మా మధ్యకి రావలసి వచ్చింది. తప్పు వాళ్ళదేనని నాకు నమ్మకం, కానీ తేల్చేవాళ్ళు ఎవరూ లేరు. అలాగే వదిలేశాం.

నాలుగు రోజుల్లో ముగ్గురు అక్కడ తడబడ్డారు. అడుగు తియ్యడం మామూలుగానే తీస్తారు, బొటనవేలు అంచుకి తగులుతుంది. ఇరవై ఒక్క మెట్లు ఒకే ఎత్తు ఎక్కిన కాలు ఆఖరిదీ అంతే అనుకుంటుంది మరి. తడబడినవాళ్ళు ముందు వెనక్కి తిరిగి మెట్టు వైపు చూస్తారు, తరవాత నా వైపు చూస్తారు. నేను ఇంకా చేతిపట్టు కోసం కొలతలు తీసుకుంటూ అక్కడే ఉన్నాను కదా. ఒళ్ళు మండిపోతోంది.

నీ ఆడపడుచు


వర్క్‌షాపు
జూన్ 12

వదినా,

పెద్దమేస్త్రి పడిపోయాడు.

నిన్న మధ్యాహ్నం చేతిపట్టు ఆఖరి ముక్క రెండు చేతులతో పట్టుకుని పైకెక్కుతున్నాడు. నేను కింద ఉన్నాను. ఆఖరి అడుగు దగ్గర వేలు తగిలి ముందుకి తూలాడు. చేతుల్లో చెక్క ఉంది, పట్టుకోవడానికి లేదు. కుడి మణికట్టు విరిగింది. మూడు నెలలు పిండికట్టు ఉంచాలన్నారు, ఆ తరవాత కూడా చిత్రిక పట్టే బలం వస్తుందో రాదో చెప్పలేమన్నారు. నలభై ఏళ్ళ పనిలో ఆయన మెట్ల మీద పడటం ఇదే మొదటిసారట, కట్టు కట్టేవాళ్ళకి ఆయనే చెబుతున్నాడు.

ఈ పొద్దున టేపు తీసుకుని ఒక్కదాన్నే వెళ్ళి ఒక్కొక్కటీ కొలిచాను. ఇరవై ఒకటీ సరిగ్గా నూట అరవై. ఆఖరిది నూట డెబ్భై. నేల పరిచినవాళ్ళు వాళ్ళ కొలత కాగితాలు తెచ్చారు. పై నేల మొదట అనుకున్న 3530 దగ్గరే ఉంది. వాళ్ళతో అంత గొడవపడ్డానా, తలదించుకుని క్షమించమన్నాను.

అంటే తప్పు నాదే. నీ లైన్లు చీటీ చూసి ఎక్కించేటప్పుడు ఎక్కడో ఏదో తప్పు రాసుంటాను. ఆ కాగితం జతచేస్తున్నాను. నేను పదిసార్లు చూశాను, నాకు కనబడటం లేదు. నీ కంటికి వెంటనే దొరుకుతుంది. ఏ లైన్లో తప్పు రాశానో గీసి పంపు వదినా. అది తెలియకుండా ఇంకో పలక మీద గీత పెట్టలేను.

నీ ఆడపడుచు


ఇల్లు
జూన్ 16

అమ్మాయ్,

ఉత్తరం నిన్న అందింది. చాలా బాధగా ఉంది. పెద్దమేస్త్రి గారికి నొప్పి తగ్గిందా? ఆయన్ని బాగా విశ్రాంతి తీసుకోమని చెప్పు.

నువ్వు పంపిన కాగితం చూశాను. మొదట్లో ఇలాంటివి అందరికీ జరుగుతాయి. తప్పెక్కడుందని తవ్వుకుంటూ కూర్చుంటే ఆయన చెయ్యి అతుక్కోదు కదా. నువ్వు మనసు కష్టపెట్టుకోకు.

ఇక్కడ పరీక్షల హడావిడి. కొత్త బ్యాచి మొదలవబోతోంది. మీ అన్నయ్యకి జలుబు చేసింది. వీలు చూసుకుని మళ్ళీ వివరంగా రాస్తాను.

వదిన


వర్క్‌షాపు
జూన్ 23

వదినా,

నీ నాలుగు ముక్కల ఉత్తరం చేరింది. ఏ లైన్లో తప్పు రాశానని అడిగితే అన్నయ్యకి జలుబు చేసిందని చెప్పావు. అంటే నాతో చెప్పడానికి నీకే సిగ్గుగా ఉండేంత పిచ్చి తప్పు చేశానన్నమాట. అర్థమైంది. ఇక అడగను.

ఎవరూ నన్ను ఒక్క మాట అనడం లేదు. అదే భరించలేకపోతున్నాను. పనివాళ్ళు నేను గీసిన గీతని, నేను చూడటం లేదనుకుని ఇంకోసారి కొలుస్తున్నారు. నిన్న ఒక మామూలు కిటికీ చట్రం కోసం టేపు లాగాను. మూడుసార్లు కొలిచాను, మూడుసార్లూ ఒకటే వచ్చింది, అయినా కొయ్యలేకపోయాను. రంపం పక్కన పెట్టి బయటికి వెళ్ళిపోయాను.

మనిద్దరం అనుకున్నదేమిటి? ఆయన వెళ్ళేలోపు లెక్క నా చేతికి రావాలని. ఆయన చెయ్యే పోయింది. నా చేతికి ఏమీ రాలేదు.

అన్నయ్యకి కబురు చేశాను. సామాన్లు దాచుకోవడానికి షెడ్డు కావాలని అడుగుతున్న ఆయన ఒకరున్నారు, జూలై పదో తారీఖున తాళం చెవి ఇచ్చేస్తానని చెప్పాను. పనివాళ్ళని వేరే చోట్లు చూసుకోమన్నాను. చిత్రిక బల్ల మాత్రం ఎవరికీ ఇవ్వను, దాన్నేం చెయ్యాలో తెలియదు.

నీకు చాలా శ్రమ ఇచ్చాను. పాఠాలు ఇక చాలు.

ఆడపడుచు


ఇల్లు
జూలై 4

అమ్మాయ్,

తాళం చెవి ఎవరికీ ఇవ్వకు. మిగతాది తరవాత చదువు, ముందు ఆ మాట విను.

నువ్వు ఒక్క అక్షరం కూడా తప్పు రాయలేదు. నేను పంపిన ఆరు లైన్లు నువ్వు యథాతథంగా ఎక్కించావు. తప్పు ఆ లైన్లలోనే ఉంది. అది నాది.

నీ మూడు పేజీల లెక్క సరైనది. నువ్వు ఎత్తు అన్న పెట్టెలో 160.4545ని చివరిదాకా ముట్టుకోకుండా ఉంచావు. ప్రతి గీతనీ నేల నుంచి లెక్క కట్టి, ఆ గీతని మాత్రమే సర్దావు. ఏ గీతా అర మిల్లీమీటరుకి మించి తప్పదు, ఆ తప్పు పై గీతకి ఎక్కదు. ఆయన కుంటి లెక్కన్న ఆ ఒక్క మిల్లీమీటరు ఏ కాలికీ తెలియదు. నేనేం చేశాను? మొదట్లోనే సర్ది, 160ని అదే పెట్టెలో తిరిగి పెట్టమన్నాను. ఆ క్షణంలోనే మిగిలిన 0.4545 పోయింది. పెట్టెలో కొత్తది పెడితే పాతది ఉండదు, ఆ పాఠం నీకు చెప్పిందే నేను. మెట్టుకి అర మిల్లీమీటరు కూడా లేదు, కానీ ఇరవై రెండు అడుగులకి పది మిల్లీమీటర్లు. అదంతా ఆఖరి అడుగు మీద పడింది. ఇరవై రెండో గీత ఉంచి ఉంటే 3520 అని వచ్చేది, చూడగానే నువ్వు పట్టుకునేదానివి. దాన్ని కూడా అందం కోసం నేనే తీసేశాను.

ఇప్పుడు రాయబోయేది రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది. నీ పన్నెండో తారీఖు ఉత్తరంలో “ఇరవై ఒకటీ నూట అరవై, ఆఖరిది నూట డెబ్భై” అని చదివిన వెంటనే నాకు తెలిసిపోయింది. కాగితం చూడాల్సిన అవసరం కూడా లేకపోయింది. తెలిసే “అందరికీ జరుగుతాయి” అని నీకు రాశాను.

ఎందుకంటే సిగ్గేసింది. ఎనిమిదేళ్ళుగా ఆ లైను బోర్డు మీద రాస్తున్నాను, వందలమంది దాన్ని దించుకున్నారు. నా లెక్కలు తెర మీద మిగిలిపోతాయి, వాటి మీద ఎవరూ కాలు పెట్టరు. నీ పేజీలు చదివి నలుగురిలో నవ్వాను కూడా. ఆ నలుగురికీ, మీ అన్నయ్యకీ ఏం చెప్పను? ఇవాళ రాద్దాం, రేపు రాద్దాం అనుకున్నాను. కొత్త బ్యాచికి ఆ పాఠం చెప్పాల్సిన రోజు వచ్చింది. బోర్డు దగ్గర నిలబడ్డాను, ఆ లైను రాయలేకపోయాను. ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంటికొచ్చేశాను. మీ అన్నయ్య ఏమైందని అడిగితే అంతా చెప్పాను. “నా చెల్లెలు షెడ్డు మూసుకుంటోంది, నీకు తెలిసీ ఊరుకున్నావా?” అన్నాడు. పెళ్ళయిన పందొమ్మిదేళ్ళలో ఆయన నాతో ఆ గొంతుతో మాట్లాడటం ఇదే మొదటిసారి.

ఫోన్ చేద్దామనుకున్నాను. చేస్తే నువ్వు అరుస్తావని కాదు, నేను సగం చెప్పి సగం మింగుతానని భయం. కాగితం మీద అయితే తప్పించుకోలేను. ఈ ఉత్తరం పెద్దమేస్త్రి గారికీ, నీ పనివాళ్ళకీ చదివి వినిపించు. గ్రంథాలయం వాళ్ళకీ చూపించు. నన్ను రమ్మంటే వస్తాను. ఏమన్నా పడతాను.

నీ వదిన


వర్క్‌షాపు
జూలై 14

వదినా,

నీ ఉత్తరం ఏడో తారీఖున అందింది. ఆ రోజే జవాబు రాస్తే నోటికొచ్చినవన్నీ కాగితం మీదికి వస్తాయని ఆగాను.

తాళం చెవి ఇవ్వలేదు. అడిగినాయనకి కుదరదని చెప్పాను. ఆయన విసుక్కున్నాడు, విసుక్కోనీ.

నువ్వన్నట్టే పెద్దమేస్త్రికి చదివి వినిపించాను. నా పాత మూడు పేజీలు తీసుకురమ్మని, ఎడమచేత్తో పట్టుకుని ఇరవై రెండు గీతలూ పైనుంచి కిందిదాకా చదివాడు. “అయితే కుంటి లెక్కే నడిచే లెక్కన్నమాట” అన్నాడు. “ఆవిడకి ఎప్పుడు తెలిసిందట?” అని అడిగాడు. నేను నీ ఉత్తరాల మీద తారీఖులు చూసి వేళ్ళ మీద లెక్కపెట్టాను. పందొమ్మిది రోజులు బాబాయ్, అన్నాను. “సరే, పలచటి చెక్క వెనీర్ పొరలు తియ్యి, మెట్లు సరిచేద్దాం” అన్నాడు.

ఎలా సరిచేశామో నువ్వు తెలుసుకోవాలి. మెట్టు పలకలన్నీ విప్పాం. అర మిల్లీమీటరుకి కాస్త తక్కువ మందం ఉన్న వెనీర్ ఏరి, కాగితంలాంటి ఆ పొరల్ని ముక్కలు కోశాం. మొదటి మెట్టు కింద ఒక పొర, రెండో మెట్టు కింద రెండు, మూడో దాని కింద మూడు. ఇరవై ఒకటో మెట్టు కింద ఇరవై ఒకటి. ఒక్కో పక్కకి రెండు వందల ముప్ఫై ఒక్క ముక్కలు, రెండు పక్కలా అంతే. అన్నిటికీ జిగురు పూసి, అతికించి, బిగించాం. నువ్వు ఒక్క లైన్లో పారేసినదాన్ని ఐదు రోజులు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క పొరే తిరిగి పెట్టాను. పెద్దమేస్త్రి కింద కుర్చీలో కూర్చుని లెక్క తప్పకుండా చూశాడు. నిన్న ఆయనే అందరికంటే ముందు ఎక్కాడు. నేను వెనకాలే ఉన్నాను. ఆఖరి అడుగు కూడా మిగతావాటిలాగే వేసి పైకి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఇక నీకూ నాకూ మధ్య సంగతి.

తప్పు చేసినందుకు నీ మీద కోపం లేదు. చాంతాడు తీసెయ్యమని అడిగింది నేనే, కుంటితనం పోవాలన్నదీ నేనే. నలుగురిలో చదివి నవ్వుకున్నందుకు కూడా పెద్దగా లేదు, నేనూ నిన్ను తక్కువేం ఏడిపించను. నా కోపమంతా ఆ పందొమ్మిది రోజుల మీద. ఆ రోజుల్లో నేనేం చేశానో చెబుతాను. పెద్దమేస్త్రి ఇంటికి వెళ్ళి వాళ్ళావిడ ముందు నిలబడి, మీ ఆయన చెయ్యి నేనే విరగ్గొట్టానని చెప్పాను. ఆవిడ నన్ను లోపలికి రమ్మనలేదు. చిత్రిక పట్టే ఆయన, పదమూడేళ్ళుగా నా దగ్గరున్న మనిషి, నా మాట నమ్మి వేరే షెడ్డులో చేరాడు. నిన్న వెళ్ళి రమ్మని అడిగాను. “అక్కడ మాటిచ్చేశానమ్మా” అన్నాడు. ఇక రాడు. నాకు బుద్ధి లేదని, చదువు అబ్బదని, నాన్న బతికుంటే ఈ షెడ్డు నాకిచ్చేవాడు కాదని రోజూ అనుకున్నాను. నువ్వు ఒక్క లైను రాసుంటే ఇవేవీ జరిగేవి కావు. ఆ ఒక్క లైనూ నీ దగ్గరుంది. తెలిసి కూడా నన్ను అలా అనుకోనిచ్చావు వదినా. నిన్ను నేను అంత నమ్మాను.

ఇప్పుడు రావద్దు. వస్తే నేను అరుస్తాను, నువ్వు ఏడుస్తావు, ఇద్దరికీ కాస్త తేలికవుతుంది, అక్కడితో అయిపోయిందనుకుంటాం. అప్పుడే అయిపోవడం నాకు ఇష్టం లేదు. అన్నయ్యతో మాత్రం నీతో మామూలుగా మాట్లాడమని చెప్పాను. ఇది మనిద్దరి గొడవ.

ఇంకో పని వచ్చింది. గుండ్రంగా తిరుగుతూ ఎక్కే మెట్లు. పద్నాలుగు అడుగులు, ప్రతి పలకా ఒక పక్క వెడల్పు, ఒక పక్క ఇరుకు. పెద్దమేస్త్రికి కూడా దీనికి కైవారం చాలదు. ఒప్పుకున్నాను. ఎలా చెయ్యాలో నాకు తెలియదు, నేర్పగలిగింది నువ్వొక్కదానివే. క్షమాపణలు ఇంకో ఉత్తరం నిండా రాయకు, చదవను. పాఠం పంపు. కోపంతోనే నేర్చుకుంటాను.

నీ ఆడపడుచు